గోదావరిది డెల్టానా, ఎస్చువరీనా?

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలకు నదుల పేర్లు రాసిన అట్టముక్కలిచ్చి డెల్టాలు ఒక కుప్ప, ఎస్చువరీలు ఒక కుప్ప పెట్టమన్నాను. అందరూ నర్మద, తపతి ఒకవైపు, కృష్ణ, గోదావరి ఇంకోవైపు పెట్టారు. యానాం పక్క ఊరి నుంచి వచ్చే ఒక పాప మాత్రం గోదావరిని మధ్యలో పెట్టి, "ఎండాకాలం మా దగ్గర ఏటి నీళ్లు ఉప్పగా ఉంటాయి టీచర్" అంది. తప్పని చెప్పేశాను కానీ అప్పటి నుంచి మనసులో అనుమానమే. ఏది కరెక్టు?
– ఒక టీచర్, కోనసీమ

జవాబు: టీచర్ గారూ, ముందు ఆ పాపను లేపి, అందరి ముందూ, నువ్వు చెప్పిందే కరెక్టని చెప్పండి. మీ తప్పు కూడా పెద్దదేం కాదు, "నర్మద, తపతి డెల్టాలు ఏర్పరచవు" అనే వాక్యాన్ని మనమంతా బట్టీ పట్టి, దాన్నుంచి డెల్టా ఉన్నచోట ఎస్చువరీ ఉండదని మనంతట మనమే అనేసుకున్నాం.

డెల్టా అంటే నది తెచ్చిపోసిన నేల. ఎస్చువరీ అంటే నీళ్లు, అంటే సముద్రంతో రాకపోకలున్న, కొంతమేర ఒడ్డులతో మూసుకున్న చోట, ఉప్పునీటిలో నది నీళ్లు కలిసి దాని ఉప్పదనం తగ్గే జాగా. 1967లో డొనాల్డ్ ప్రిచర్డ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త ఇచ్చిన నిర్వచనం ఇంచుమించు ఇదే. దాని ప్రకారం గోదావరి డెల్టా మీదుగా పారే గౌతమి పాయ, మొగ (సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఎస్చువరీయే. నర్మద సంగతి వేరు. ఖంభాత్ సింధుశాఖలో పోటుపాట్ల తేడా పది మీటర్ల దాకా పోతుంది, ఆ ఊపుకి మట్టి నిలబడదు, అందుకే నది గరాటులా సముద్రంలోకి తెరుచుకుంటుంది. మన వైపు పోటు రెండు మీటర్లు కూడా ఉండదు కాబట్టి ఇసుక, ఒండ్రు నిలిచిపోతాయి, ఆ ఇసుకనే అలలు ఉత్తరానికి నెట్టుకుపోయి కాకినాడ ఎదురుగా హోప్ ఐలాండ్ దిబ్బను సుమారు 16 కిలోమీటర్ల పొడవున కట్టాయి.

ఎస్చువరీలను రెండు పద్ధతుల్లో విడదీయొచ్చు. ఎలా పుట్టింది అన్నది ఒకటి: సముద్రమట్టం పెరిగి మునిగిన నదీలోయ (అమెరికాలో చెసపీక్), హిమానీనదం తొలిచిన ఫియోర్డ్ (నార్వే), నేల కుంగి ఏర్పడింది (శాన్ ఫ్రాన్సిస్కో), ఇసుక దిబ్బ అడ్డుపడి ఏర్పడింది. శ్రీహరికోట దిబ్బ వెనకున్న పులికాట్‌ను చివరి దానికి దగ్గరగా చూపించొచ్చు, అయితే దాన్ని లాగూన్ (ఉప్పునీటి సరస్సు) అనడమే అలవాటు.

నాకు ఇంకా ముఖ్యంగా అనిపించేది రెండో పద్ధతి, నీళ్లు ఎలా కలుస్తున్నాయన్నది. మంచినీళ్లు తేలిక కాబట్టి పైన సాగుతుంటే, బరువైన ఉప్పునీరు చీలలా కింద నుంచి లోపలికి దూరుతుంది. పోటు బలంగా ఉండి నది బలహీనంగా ఉంటే రెండూ బాగా కలిసిపోతాయి. ఇక్కడే మన వర్షాకాలపు నదులు పాఠ్యపుస్తకపు గడుల్లో ఇమడవు. వరదల్లో గౌతమి ఉప్పునీటిని మొగ బయటికి తోసేస్తుంది, వరద తగ్గాక, ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్లు దాదాపు ఆగిపోయాక, ఎండాకాలంలో ఉప్పు యానాం దాకా ఎక్కుతుంది. ఒకే ఏరు, రెండు రకాలు. నర్మద, గోదావరులను వేరే వేరే కుప్పల్లో పెట్టించడం కన్నా ఒక్క గోదావరిని నెలలవారీగా రాయిస్తే పిల్లలకు ఎక్కువ తెలుస్తుందని నా గట్టి నమ్మకం.

క్లాసులో చూపించాలంటే గాజు తొట్టిలో మంచినీళ్లు పోసి, రంగు కలిపిన ఉప్పునీళ్లను ఒక మూల నుంచి గొట్టంతో నెమ్మదిగా అడుక్కి వదలండి, రంగు అడుగునే పాకుతుంది. ఆ పాపను ఒక సీసాడు ఏటి నీళ్లు సెప్టెంబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి పెద్దవాళ్లతో పట్టించి తెమ్మనండి. రుచి చూడనివ్వకండి. రెండుసార్లూ ఒకే కొలత నీళ్లు స్టీలు పళ్లెంలో పోసి ఎండలో పెడితే, ఎప్పుడు ఎక్కువ ఉప్పు మిగిలిందో వెనక బెంచీ వాళ్లకు కూడా కనిపిస్తుంది.