అమ్మమ్మ నాటి కెంపుల అడ్డిగ (మెడ నగ) మసకబారింది, కరిగించి కొత్తది చేయించుకోవచ్చా?

వద్దండీ, కరిగించకండి. రాళ్ళు మసకబారాయన్నారు కదా, ఆ లోపం చాలాసార్లు రాయిది కాదు, దాని కింద ఉన్న రేకుది.

నేను చేసిన తప్పు చెబుతాను. ఆరేళ్ళ క్రితం ఇక్కడే చెన్నైలో మా అక్క కూతురి పెళ్ళికని, మా అమ్మమ్మ అడ్డిగను కుంకుడు రసం కలిపిన వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టాను. తెల్లారి చూస్తే నాలుగు కెంపులు నల్లబడ్డాయి. ఏడుపొచ్చేసింది. టీ నగర్‌లో ఒక షాపుకి తీసుకెళ్తే లక్క బరువు, రాళ్ళ బరువు, తరుగు తీసేసి మిగతా బంగారానికి లెక్క కట్టారు. మనసొప్పక వచ్చేశాను.

తర్వాత మైలాపూరులో నాట్యం నగలు చేసే ఒక ఆచారి గారు ఒక రాయి ఊడదీసి చూపించారు. అడుగున గోరంత వెండి రేకు, నీరు దిగి నల్లగా ఉంది. వెలుతురును తిప్పి పంపి కెంపును వెలిగించేది ఆ రేకే. మన పాత పనిలో రాయికి వెనక మూసే ఉంటుంది, నగ లోపల బోలుగా ఉన్నచోట లక్క నింపుతారు. రాయి చుట్టూ మేలిమి బంగారాన్ని సన్నటి రేకులుగా పెట్టి, ఉక్కు మొనతో పొరమీద పొర అదుముతారు. టంకం లేదు, నిప్పు లేదు. అంత మెత్తని బంగారం ఒత్తిడికే ఒకదానికొకటి అతుక్కుపోతుంది. కుందనపు బొమ్మ అంటాం చూడండి, ఆ కుందనం ఇదే.

మొఘలుల కొలువులో నగలకు చేసిందీ ఈ పనే. 1995లో మన ప్రభుత్వం 218 కోట్లకు కొన్న 173 నిజాం నగలను సాలార్‌జంగ్ మ్యూజియంలో పెట్టినప్పుడు వెళ్ళాను. జనమంతా 184.75 కారెట్ల జాకబ్ వజ్రం దగ్గరుంటే, నేను కుందనం అంచుల దగ్గరే నిలబడిపోయాను. అలాంటి నగల వెనక రంగురంగుల మీనా పని, అంటే గాజు రంగుల పూత, ఉంటుంది. మన దక్షిణాదిలో ఆ చోట చిలకలు, లతలు చెక్కుతారు. ఒంటికి తగిలే వైపు, ఎవరికీ కనబడని వైపు కూడా అంత శ్రద్ధ! కృష్ణదేవరాయల కాలంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, మహర్నవమి వేడుకలో కొందరు స్త్రీలు నగల బరువు మోయలేకపోతుంటే పక్కవాళ్ళు చేతులు పట్టుకుని నడిపించారని రాశాడు.

షాపువాళ్ళు "ఇవి అసలు కెంపులు కావు" అన్నా నిరుత్సాహపడకండి. కృత్రిమంగా తయారుచేసిన కెంపులు 1900ల మొదట్లోనే బజారుకొచ్చాయి, పాత నగల్లో కనిపించడం వింతేమీ కాదు. పనితనం విలువ దాంతో తగ్గదు.

నీళ్ళు, సెంటు, షాపుల్లో కడిగే మెషీన్ తగలనివ్వకండి. పొడి మెత్తటి బట్టతో తుడిచి, విడిగా మల్లుగుడ్డలో చుట్టి పెట్టండి. నాకు ఆ నాలుగు రాళ్ళకే రేకు మార్చి ఇచ్చారు, మిగతా నగ ముట్టుకోలేదు. మీ అడ్డిగ వెనకవైపు ఫోటో కూడా పెడతారా? అక్కడ చెక్కడం ఉందేమో చూద్దాం.