పాలు కక్కే పాప: తిండి మానే ముందు పాలు పట్టే తీరు చూడండి

మీ రెండు నెలల పాప తాగిన ప్రతిసారీ కక్కుతోందని, రొమ్ము దగ్గరే వెనక్కి విరుచుకుని ఏడుస్తోందని, పాలు, గుడ్లు, గోధుమ, సోయా, వేరుశనగ ఒకేసారి మానేయమని తెలిసినవారు చెబుతున్నారని రాశారు. ఏది మానాలి, లేక డబ్బా పాలకు మారిపోవాలా అన్నది మీ ప్రశ్న. నా రెండో బిడ్డ సమయంలో ఆ అయిదింటినీ నేను నిజంగానే ఒక్క రోజులో మానేశాను. మూడు వారాలకు నేను చిక్కిపోయాను, పాప ఏడుపూ కొంత తగ్గింది; కానీ అదే వారంలో పాలు పట్టే పద్ధతి కూడా మార్చుకున్నందువల్ల, ఏది మేలు చేసిందో నాకు గానీ డాక్టరుకు గానీ అర్థం కాలేదు.

డాక్టరు మొదట అడిగింది నా తిండి గురించి కాదు, పాప బరువు గురించి. అన్నవాహికకూ జీర్ణాశయానికీ మధ్య ఉండే కండరం పసిపిల్లల్లో ఇంకా గట్టిపడదు కనుక పాలు సులువుగా పైకి వస్తాయి. సాధారణంగా ఇది నాలుగో నెల ప్రాంతంలో ఎక్కువగా కనిపించి, చాలామందిలో ఏడాది నిండేసరికి తగ్గిపోతుంది. బరువు సరిగా పెరుగుతూ, కక్కినా హుషారుగా ఉండే బిడ్డకు బట్టలు మార్చడం తప్ప వైద్యం అవసరం ఉండదు. దుస్తుల మీద చెరువంత కనిపించేది చాలాసార్లు రెండు మూడు చెంచాలకు మించదన్న సంగతి ఆ రోజుల్లో నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మా ఇంట్లో సగం సమస్య పాల ధారది. చేపు వచ్చిన మొదటి నిమిషంలో ధార ఎంత బలంగా ఉండేదంటే, పాప పొలమారి, గాలి మింగి, రొమ్ము వదిలి ఏడ్చేది. నేను వెనక్కి వాలి కూర్చుని పాపను నా ఛాతీ మీద బోర్లా ఉండేలా పట్టుకుని తాగించడం, తొలి ధార మరీ ఉధృతంగా ఉంటే గుడ్డలోకి పోనిచ్చి తరువాత పట్టడం, ఒక వైపు తృప్తిగా తాగాకే రెండో వైపు ఇవ్వడం, మధ్యలో త్రేన్పు తెప్పించడం, తాగాక ఇరవై ముప్పై నిమిషాలు భుజాన నిటారుగా ఎత్తుకోవడం మొదలుపెట్టాక వారంలోనే తేడా కనిపించింది. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం, కక్కే బిడ్డనైనా చదునైన గట్టి పరుపు మీద వెల్లకిలానే పడుకోబెట్టాలి. తల ఎత్తుగా ఉంచే దిండ్లు, వాలు పరుపులు సురక్షితం కావు.

ఇక తిండి విషయం. అనుమానించదగినవాటిలో ముందు వరుసలో ఉండేది ఆవుపాల మాంసకృత్తు. మా పాప మలంలో జిగురు, సన్నని నెత్తుటి చారలు కనిపించాయి, ఒంటి మీద ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు) కూడా ఉంది. ఉత్త కక్కు మాత్రమే ఉండి ఉంటే నేను ఏ తిండీ మానవలసిన పని ఉండేది కాదేమో. రెండో ప్రయత్నంలో, డాక్టరు సలహాతో, మిగిలినవన్నీ తింటూ పాల పదార్థాలను మాత్రమే మానాను. పాలు, పెరుగు, వెన్న మానడం తేలికే. బిస్కెట్లలోనూ పొడుల్లోనూ కేసీన్, వే అన్న పేర్లతో దాగి ఉండే పాలను వెతకడమే అసలు పని. రెండు నుంచి నాలుగు వారాలు చూడాలన్నారు. పదహారో రోజుకు మలం శుభ్రపడింది. తరువాత చాలామంది వదిలేసే మెట్టు ఒకటుంది: మానినదాన్ని మళ్లీ తిని చూడడం. నేను మళ్లీ పాలు తాగిన మూడో రోజుకే జిగురు తిరిగి వచ్చింది. అప్పుడు గానీ నమ్మలేదు. గుడ్లు, గోధుమ, సోయా, వేరుశనగ నిర్దోషులని తేలాయి. బిడ్డకు దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వంటివి వచ్చి ఉంటే మాత్రం ఈ పరీక్ష ఇంట్లో చేయకూడదు. పాలు మానినన్ని రోజులు తల్లికి రోజుకు దాదాపు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, దానితో పాటు డి విటమిన్ అందేలా డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ఆవుపాల మాంసకృత్తు పడకపోవడాన్ని లాక్టోజ్ పడకపోవడంతో కలపకండి. లాక్టోజ్ తల్లిపాలలో సహజంగా ఉండే చక్కెర. మీరు ఏం తిన్నా, ఏం మానినా దాని పాళ్లు మారవు. డబ్బా పాల మాటకు వస్తే, మామూలు రకాలు చాలావరకు ఆవుపాలతోనే తయారవుతాయి, కాబట్టి మీ అనుమానం నిజమైతే అవి ఇబ్బందిని పెంచుతాయి. అవసరమైతే డాక్టరు వేరే ప్రత్యేక రకం సూచిస్తారు. ఆమ్లం తగ్గించే మందులను వట్టి కక్కుకు సొంతంగా వాడకండి.

ఆకుపచ్చని వాంతి, నెత్తురు, పిచికారీలా దూరంగా ఎగజిమ్మే వాంతి, జ్వరం, పాలు తాగనని మొరాయించడం, మూత్రం తగ్గడం, బరువు పెరగకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఈ ప్రయోగాలన్నీ ఆపి ఆ రోజే బిడ్డను చూపించండి. అవేవీ లేకపోతే ఈ వారం మీ తిండి జోలికి పోకుండా పట్టే తీరు మాత్రమే మార్చి, ఏ పూట ఎంత కక్కింది, మలం ఎలా ఉందన్నది ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ కాగితమే.