అన్ని మాటలూ ‘ఓ’తో ముగిసే భాషలో ప్రాస ఏం కష్టం?

దేశదేశాల వాళ్లూ మాట్లాడుకోవడానికని కల్పించిన భాష ఎస్పెరాంటోలో నామవాచకాలన్నీ ‘ఓ’తో, వర్తమాన క్రియలన్నీ ‘అస్’తో ముగుస్తాయి కదా, ఎవరైనా కవిత్వం రాసేయొచ్చా అని అడిగారు. రాసేయొచ్చు. చదవడమే కష్టం.

ఎస్పెరాంటోలో ఊనిక (పలుకులో ఒత్తి చెప్పే చోటు) ఎప్పుడూ చివరి నుంచి రెండో అచ్చు మీదే. ప్రాస, అంటే ఇక్కడ అంత్యప్రాస, అక్కణ్ణుంచి కలవాలి. ‘కాంతాస్’ (పాడుతున్నాడు)కి ‘సాల్తాస్’ (గెంతుతున్నాడు) ప్రాస కాదు, ‘ప్లాంతాస్’ (నాటుతున్నాడు) అవుతుంది. అంటే ధాతువు చివర కూడా కలవాల్సిందే. దొడ్డిదారి ఒకటుంది: పని సాగుతూ ఉందని చెప్పే ‘అద్’ ప్రత్యయం. కాంతాదాస్, సాల్తాదాస్, కురాదాస్... ఏ క్రియకి తగిలించినా ప్రాసే! మన సినిమా పాటల్లో ‘వచ్చేస్తాలే, ఇచ్చేస్తాలే’ సరుకన్నమాట. ఈ జబ్బుకి ‘అదాసిస్మో’ అని పేరే ఉంది. సభల్లో స్వాగత పద్యాలు చదివేవాళ్లకి మాత్రం ఆ పేరు ఇంకా చేరినట్టు లేదు.

అసలు చిక్కు పాదం చివర. ఊనిక ముందే పడిపోతుంది కాబట్టి పాదం జారిపోతూ ముగుస్తుంది. గట్టిగా ముగించాలంటే వ్యాకరణంలో 16వ నియమం: నామవాచకం చివరి ‘ఓ’ తీసేయొచ్చు. ఈ భాషను కల్పించిన జామెన్‌హోఫ్ 1887 నాటి తొలి పుస్తకంలోనే ‘హో, మీయా కోర్’ అని ‘కోరో’ (గుండె) తోక కోశాడు. అయితే కోత ఏకవచనంలో, ‘న్’ చేరని ప్రథమా విభక్తి రూపానికే. బహువచనపు ‘య్’, కర్మకు వచ్చే ‘న్’, విశేషణపు ‘ఆ’ జోలికి పోకూడదు. ‘గుండెను’ అనాల్సిన చోట ‘కోరోన్’ అలాగే ఉండాలి. గత్యంతరం, వాక్యాన్ని తిరగరాసి ఆ మాటను ‘ఎన్’ (లో) తర్వాతికి జరపడం. అక్కడ ‘న్’ అక్కర్లేదు, ‘ఎన్ కోర్’ చెల్లుతుంది.

ఈ విద్య ఎస్పెరాంటో కవి కాల్మాన్ కలొచాయ్ (1891–1976) దగ్గర నేర్చుకోవాలి. బుడాపెస్ట్‌లో అంటువ్యాధుల డాక్టరు. 1922లో అక్కడ మొదలైన ‘లితెరతూరా మోందో’ పత్రికకు ప్రాణం. 1931లో ‘స్త్రెచీతా కోర్దో’ కవితా సంపుటి తెచ్చాడు. మరుసటేడు గస్తోన్ వరింగ్యెన్‌తో కలిసి ‘పర్నాసా గ్విద్లీబ్రో’ అనే ఛందో గ్రంథం రాశాడు. అదే 1932లో పీటర్ పెనెటర్ అన్న మారుపేరుతో శృంగార సానెట్లూ అచ్చేశాడు. లక్షణకారుడంటే మొహం గంటు పెట్టుకుని కూర్చోవాలనేవాళ్లకి ఇది మింగుడుపడదు, పడకపోతే పోనీ.

కొత్తవాళ్లకి ఇంకో మాట. పాదం మధ్యలో తోక కోస్తే తర్వాతి మాట ఏ హల్లులతో మొదలవుతుందో చూసుకోవాలి. ‘మోందో’ (లోకం)ని ‘మోంద్’ చేసి, వెంటనే ‘క్రుయేలా’ (క్రూరమైన) పెడితే నాలుగు హల్లులు వరసన పడి నాలుక మడతపడుతుంది.