చర్చిలో స్త్రీల గురించి ఏకపాత్రాభినయం చేస్తే పెద్దలు ఒప్పుకుంటారా?

స్త్రీలు, విశ్వాసం అనే అంశం మీద చర్చిలో ఒక్కరే నాటకం వేయాలనుందని, పెద్దలకు కోపం వస్తుందేమోనని టెన్షన్‌గా ఉందని అడిగారు. నేను సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), బాప్టిస్టు సంఘాల్లో కొన్నేళ్లుగా ఏకపాత్రాభినయం చేస్తున్నాను. ఎక్కువగా స్త్రీల కూటాల్లో, మార్చి మొదటి శుక్రవారం వచ్చే ప్రపంచ ప్రార్థన దినం నాడు. చాలాచోట్ల ఒప్పుకుంటారండి. అయితే మీరు చెప్పదలచుకున్నది వాళ్ల చేతుల్లో ఉన్న బైబిల్లోంచే రావాలి.

నేను చేసేది మార్కు సువార్త 5వ అధ్యాయంలోని రక్తస్రావం గల స్త్రీ పాత్ర. ముందుగా ఆ భాగాన్ని సంఘంలో ఒకరి చేత చదివిస్తాను, వీలైతే పెద్దల్లో ఒకరి చేతే. పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న ఆమె గుంపులో వెనక నుంచి యేసు వస్త్రాన్ని ముట్టుకుని నయమవుతుంది, చర్చిలో అందరికీ తెలిసిన కథే. కానీ నేను విన్న ప్రసంగాలు చాలావరకు ఆమె వస్త్రాన్ని ముట్టుకోవడం దగ్గరే ఆగిపోయాయి. నా ప్రదర్శనకు ప్రాణం 33వ వచనం. అప్పటికే ఆమెకు నయమైంది, గుంపులో కలిసిపోయి వెళ్లిపోవచ్చు. యేసు ప్రభువు ఆగి, ముట్టుకున్నదెవరని అడిగారు. లేవీయకాండం 15వ అధ్యాయం ప్రకారం రక్తస్రావం వల్ల అపవిత్రురాలు అనిపించుకున్న ఆ మనిషి వణుకుతూ వచ్చి జరిగిందంతా ఆయనతో చెప్పింది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ, యేసును తన ఇంటికి తీసుకెళ్తున్న సమాజమందిరపు (యూదుల ప్రార్థన మందిరం) అధికారి యాయీరు ఎదురు చూడాల్సి వచ్చింది. ఇంట్లో కూతురు చావుబతుకుల్లో ఉంది. ఈమె బాధకు పన్నెండేళ్లు, ఆ పిల్ల వయసూ పన్నెండేళ్లే. యాయీరుతో మాట్లాడే చోట నేను ముందు వరుసలో కూర్చున్న పెద్దల వైపు చూస్తాను. వాళ్లూ చూపు తిప్పుకోరు, ఎందుకంటే అది వాళ్లే చదివిన వాక్యం.

కూటం అయ్యాక వెంటనే బయల్దేరకండి. నెలసరి రోజుల్లో ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన) పాల్గొనవచ్చా అనే ప్రశ్న మైకులో ఎవరూ అడగరు, చాపలు చుడుతూ అడుగుతారు. పాస్టరమ్మగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. నా దృష్టిలో ప్రదర్శన కన్నా ఈ కాసేపే ముఖ్యం.

స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని బైబిల్లో పౌలు రాసిన 1 కొరింథీయులు పత్రిక (ఉత్తరం) 14వ అధ్యాయంలో ఉంది కదా అని ఎవరో ఒకరు తప్పక అంటారు. అదే పత్రికలో 11వ అధ్యాయం 5వ వచనం స్త్రీలు ప్రార్థన చేయడం, ప్రవచించడం గురించి మాట్లాడుతుంది. రెండూ తీసి చదవమనండి, గొంతు పెంచాల్సిన పని ఉండదు. మన నంద్యాల డయాసిస్‌కే (బిషప్ పరిధిలోని ప్రాంతం) 2013లో ఎగ్గోని పుష్పలలిత గారు సీఎస్‌ఐ తొలి మహిళా బిషప్ అయ్యారని కూడా గుర్తు చేయండి.

యేసు శిష్యురాలైన మగ్దలేనే మరియ పాత్ర తీసుకుంటే ఒక జాగ్రత్త. ఆమె వేశ్య అని సువార్తల్లో ఎక్కడా లేదు. లూకా 7లోని పాపాత్మురాలితో ఆమెను కలిపేసిన అభిప్రాయం 591లో పోపు గ్రెగొరీ చేసిన ప్రసంగంతో బలపడింది.

స్క్రిప్టు ముందే పాస్టరుగారికి చూపించండి. పుల్పిట్ (ప్రసంగ వేదిక) ఎక్కొద్దంటే కింద నిలబడి చేయండి, ముసుగు వేసుకునే సంఘమైతే వేసుకోండి. ఈ విషయాల్లో నేను పట్టు పట్టను. రక్తస్రావం గల స్త్రీ నోరు విప్పే ఘట్టం తీసేయమంటే మాత్రం, ఆ చర్చిలో చేయనని మర్యాదగా చెప్పేస్తాను.