పొట్లం ఇస్తూ ఫొటో దిగడం వేరు, ఆడ్రీ హెప్‌బర్న్ చేసింది వేరు

"ఆడ్రీ హెప్‌బర్న్ హాలీవుడ్‌లో పెద్ద హీరోయిన్, సినిమాలు తగ్గాక యూనిసెఫ్ తరఫున కరువు దేశాలు తిరిగారు, అదంతా కెమెరాల కోసమే కదా?" అని అడిగారు. కాదనే నేనంటాను. ఎందుకో చెప్పాలంటే ముందు మా తిరుపతి వరద గురించి చెప్పాలి.

2021 నవంబర్ వానలకి ఊళ్లో లోతట్టు కాలనీలన్నీ మునిగాయి, అవతల రాయలచెరువు కట్ట ఎప్పుడు తెగుతుందోనని పల్లెలు ఖాళీ చేయిస్తున్నారు. మేం నలుగురం స్నేహితులం పులిహోర పొట్లాలు కట్టించుకుని బయల్దేరాం. ఒక వీధిలో ఇంకో గుంపు ఎదురైంది, పేరు చెప్పను. వాళ్లు పొట్లం చేతిలో పెట్టి, వదలకుండా పట్టుకుని, ఫోన్ వైపు చూడమంటున్నారు. ఒక అవ్వ తడిసిన కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని "ఫొటో వద్దు నాయనా" అనింది. అయినా తీశారు. అవ్వ ఆ పొట్లాన్ని పక్కనున్న పిల్లోడి చేతిలో పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. పొద్దుట్నుంచీ ఆమె ఏమీ తినలేదని ఆ పిల్లోడే చెప్పాడు. వాళ్లని ఆపలేకపోయానే అన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకి ఆడ్రీ ఫొటో ఒకటి చూశాను. 1992, సోమాలియా. ముఖమంతా ముడతలు పడ్డ పెద్దావిడ, ఎముకల గూడులాంటి బిడ్డను ఎత్తుకుని ఉన్నారు. నాకూ మీలాగే అనుమానం వచ్చింది, అందుకే ఆవిడ జీవితం గురించి చదవడం మొదలుపెట్టాను.

ఆవిడ 1929లో బ్రస్సెల్స్‌లో పుట్టారు, యుద్ధకాలం నెదర్లాండ్స్‌లో గడిచింది. 1944–45 చలికాలంలో జర్మన్లు తిండి రాకుండా అడ్డుకుంటే జనం తులిప్ దుంపలు తిని బతికారు. ఆడ్రీకి అప్పుడు పదిహేనేళ్లు. రక్తహీనత, కామెర్లు, ఒళ్లంతా నీరు. యుద్ధం ముగిసి సహాయం అందినప్పుడు కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా మొత్తం ఒకేసారి తినేసి జబ్బు పడ్డానని తర్వాత ఆవిడే చెప్పుకున్నారు. బ్యాలే నర్తకి కావాలన్న కోరిక కూడా తీరలేదు, ఆ ఆకలికి చిక్కిన ఒళ్లు అందుకు సహకరించలేదు.

ఇది చదివినప్పుడు నాకు మా జేజి గుర్తొచ్చింది. 1952 కరువులో గంజి కేంద్రం దగ్గర గిన్నె పట్టుకుని నిలబడిన మనిషి, చివరిదాకా ఇంట్లో ఎవరి కంచంలోనూ మెతుకు వదలనిచ్చేది కాదు. ఒకరు పెడితే తిని బతికినవాళ్లకి ఆ తిండి విలువ ఒంట్లో ఉండిపోతుంది. ఆస్కార్ వచ్చినా, ప్రపంచమంతా పేరొచ్చినా ఆడ్రీలో అది పోలేదని నేను గట్టిగా నమ్ముతాను.

యూనిసెఫ్ తరఫున తిరగడం 1988లో ఇథియోపియాతో మొదలుపెట్టారు. అక్కడ మెకెలేలో ఐదు వందల మంది పిల్లలున్న అనాథాశ్రమానికి వెళ్లారు. జీతం నామమాత్రంగా ఏడాదికి ఒక్క డాలర్. తర్వాత టర్కీ, సూడాన్, బంగ్లాదేశ్, వియత్నాం. కెమెరాలు వెంట ఉన్నాయి, నిజమే. ఆవిడ ముఖం కోసమే అవి వచ్చేవి, వాటిని ఆవిడ పిల్లల వైపు తిప్పారు. తిరిగొచ్చాక వరుసగా ఇంటర్వ్యూలు ఇచ్చారు, అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు కూడా మాట్లాడారు. వెంట వెళ్లిన ఐక్యరాజ్యసమితి ఫొటోగ్రాఫర్ జాన్ ఐజాక్ (తమిళనాడులో పుట్టినాయనే) చెప్పిన మాట నాకు బాగా పట్టేసింది: పిల్లల ఒంటినిండా ఈగలు ముసురుతున్నా ఆవిడ ఏమాత్రం సంకోచించకుండా దగ్గరికి తీసుకునేవారట.

సోమాలియా వెళ్లింది 1992 సెప్టెంబర్‌లో. వచ్చాక క్యాన్సర్ అని తేలింది, 1993 జనవరి 20న పోయారు. పేరు కోసం చేసే మనిషికి అరవై మూడేళ్ల వయసులో అంతర్యుద్ధం నడుస్తున్న దేశానికి వెళ్లాల్సిన ఖర్మ ఏంటి, చెప్పండి?

మా విషయానికొస్తే, మర్నాడు ఫోన్లు బండి డిక్కీలో పడేసి మళ్లీ ఆ వీధికే వెళ్లాం. అవ్వ చీపురుతో వాకిట్లో బురద నెడుతోంది. పొట్లం ఇస్తే అందుకుని, "ఇంకోటి ఇయ్యి నాయనా, వెనకింట్లో బాలింత ఉంది" అనింది.