సోమవారం మధ్యాహ్నం గట్టెక్కితే ఫ్రాన్స్‌లో ఎంత దూరమైనా తొక్కేయొచ్చు

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. సైకిల్ ముట్టుకుని పాతికేళ్లయింది. ఫ్రాన్స్‌లో నది పక్కన, పాత ఊళ్ల మీదుగా ఒక వారం పది రోజులు నింపాదిగా సైకిల్ మీద తిరగాలని కోరిక. ఎంత ఫిట్‌నెస్ కావాలి? ఎలా ప్రాక్టీస్ చెయ్యాలి?

రైతు బజారుకి నడిచి వెళ్లి, రెండు చేతులా సంచులు మోసుకుంటూ మూడో అంతస్తు ఎక్కగలిగితే మీ ఫిట్‌నెస్ సరిపోతుంది. దీనికోసం జిమ్‌లో డబ్బు పొయ్యకండి. బయల్దేరే ముందు ఒక నెల పొద్దున్నే గంటసేపు సైకిల్ తొక్కండి. అదీ సీటు మీద కూర్చోవడం అలవాటు కావడానికే. మొదట్లో నొప్పి ఎక్కడ పుడుతుందో వెళ్లొచ్చిన వాళ్లందరికీ తెలుసు, సిగ్గుపడి ఎవరూ రాయరు.

మేము తిరిగింది లువార్ నది వెంట. మా తమ్ముడు తూలూజ్‌లో ఉద్యోగం. వాడు, నేను, మా ఆయన కలిసి వెళ్లాం. నాకు యాభై దగ్గరపడింది, ఆయనకి దాటింది, పైగా షుగర్. అందుకే మీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది. అందరూ కాళ్ల గురించే అడుగుతారు. అక్కడ ఇబ్బంది పెట్టేది అన్నం వేళ.

ముందు దారి సంగతి. దాని పేరు 'లా లువార్ ఆ వేలో'. నెవేర్ పట్టణం దగ్గర మొదలై అట్లాంటిక్ ఒడ్డు దాకా దాదాపు 900 కిలోమీటర్లు. అట్లాంటిక్ నుంచి నల్ల సముద్రం దాకా యూరప్‌ని అడ్డంగా దాటే యూరోవేలో 6 అనే పెద్ద దారిలో ఇదొక ముక్క. కొంత నది గట్టు మీద, కొంత పొలాల మధ్య, కొంత ఊళ్లలోని చిన్న రోడ్ల మీద పోతుంది. ప్రతి మలుపులో బోర్డు ఉంటుంది, ఫోన్‌లో మ్యాప్ పట్టుకుని తలదించుకు తొక్కే పని లేదు. కారు వాడు ఊరి బయట మిమ్మల్ని దాటాలంటే మీటరున్నర ఎడం వదలాలని అక్కడ చట్టం. వదులుతారు కూడా. మన హైవే మీద వెనకాల లారీ హారన్ విని విని ఉన్న ప్రాణం కదా, మా ఆయన మొదట్లో కారు చప్పుడు వినపడితే చాలు, దిగి నిలబడేవారు. వెనకొచ్చిన కారు కూడా ఆయన కోసం ఆగేది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడేవాళ్లు.

మా తమ్ముడు ఎక్సెల్‌లో ప్లాన్ వేసుకొచ్చాడు. రోజుకి 90 కిలోమీటర్లు. "అక్కా, అంతా ఫ్లాటే, చాలా ఈజీ" అన్నాడు. ఫ్లాటే, కాదనను. కానీ తొంభై తొక్కితే ఊళ్లు ఎవరు చూస్తారు? నేను దాన్ని 35కి కోసేశాను. గంటకి పన్నెండు, పదమూడు తొక్కినా మూడు గంటల పని. మిగతా రోజంతా మనదే. వారంలో నది మొత్తం కొట్టేశాం అని వీడియోలు పెట్టే పిల్లల్ని చూస్తే నాకు జాలి. బిగుతు నిక్కరు, చెయ్యి మీద గడియారం, మొహం మీద చెమట. షాంబోర్ కోట ముందు సైకిల్ ఎత్తి ఫొటో దిగి, లోపలున్న జంట మెలికల మెట్లు చూడకుండా వెళ్లిపోతారు. ఒకరు ఎక్కుతూ ఒకరు దిగుతూ ఉన్నా ఎదురుపడని మెట్లు అవి. పారిస్-స్విస్-రోమ్ ఏడు రోజుల బస్సు ప్యాకేజీకి, దీనికి తేడా ఏముంది? అందులో కనీసం సాంబారన్నం పెడతారు.

ఇంకో మాట, దీనికి చాలామంది ఒప్పుకోరు. అందరూ నది పారే వైపే తొక్కుతారు, తేలికని. నది దిగువకి కదా, పల్లం కదా అని. ఆ దారిలో ఆంజే పట్టణం నుంచి ఎగువనున్న ఓర్లేయాం దాకా 200 కిలోమీటర్లు పైనే ఉన్నా ఎత్తులో తేడా వంద మీటర్లు కూడా లేదు. ఆ పల్లం మీ సైకిల్‌కి తెలియదు. తెలిసేది గాలి. అక్కడ ఎక్కువగా సముద్రం వైపు నుంచి, అంటే పడమర నుంచి వీస్తుంది. మేము ఆంజేలో మొదలుపెట్టి తూర్పుకి, నదికి ఎదురు తొక్కాం, గాలి వీపున పెట్టుకుని. ఎదురొచ్చేవాళ్లంతా హ్యాండిల్ మీద వంగిపోయి వస్తుంటే మా ఆయన నిటారుగా కూర్చుని పెద్దమనిషిలా అందరికీ "బోన్‌జూర్" చెప్పుకుంటూ పోయారు.

సోమ్యూర్ దాటాక సూజే అనే ఊరొస్తుంది. అక్కడ సైకిల్ దారి ఊళ్లోంచి కాదు, కొండలోంచే పోతుంది. ఆ ప్రాంతంలో తెల్లటి మెత్తని సున్నపురాయి, తూఫో అంటారు. అక్కడి కోటలు చాలావరకు ఆ రాయితో కట్టినవే. రాయి తవ్వగా మిగిలిన గుహల్లో జనం కాపురాలున్నారు, తలుపులు పెట్టి, పొగ గొట్టాలు కొండపైకి తీసి. ఇప్పటికీ కొన్నింట్లో పుట్టగొడుగులు పెంచుతున్నారు, కొన్నింట్లో వైన్ నిల్వ చేస్తున్నారు. సూజేలో ఒకప్పటి వీధే కొండ కింద ఉంది. బయట ఎండ మాడిపోతుంటే లోపలికి దూరగానే ముంజేతుల మీద చల్లదనం తగిలి వెంట్రుకలు లేచాయి. గోడ మీద చెయ్యి పెడితే తెల్ల పొడి అంటుకుంది, సుద్దముక్క పట్టుకున్నట్టు. అక్కడ దిగి నడవండి, దయచేసి.

ఇక సోమవారం సంగతి.

షినోం దాటి విలాండ్రీ వైపు వెళ్తున్నాం. ముందురోజు ఆదివారం, ఊళ్లో బేకరీ పొద్దున తెరిచే ఉంది, రొట్టె కొనుక్కున్నాం, తినేశాం. సోమవారం మాత్రం చిన్న ఊళ్లలో తలుపు తెరిచి కనపడితే అదృష్టమే. చాలా జిల్లాల్లో బేకరీ వారానికి ఒకరోజు మూసి తీరాలని రూలే ఉంది, ఆ ఒకరోజు ఎక్కువమందికి సోమవారమే. కిరాణా కొట్టు మూత. మరో ఊరు, అక్కడా మూత. మూడో ఊళ్లో కాఫీ హోటల్ ఒకటి తెరిచుంది. మేము స్టాండ్ వేసేసరికి రెండు దాటి పది నిమిషాలయింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా వంటిల్లు, ఆ తర్వాత సాయంత్రం ఏడు దాకా పొయ్యి వెలిగించరు. మా తమ్ముడు ఫ్రెంచ్‌లో బతిమాలాడు, బావకి షుగర్ ఉందండీ, ఒక ఆమ్లెట్ వెయ్యండి చాలు అని. ఆమె చాలా మర్యాదగా, నవ్వుతూ, కుదరదంది. కావాలంటే కాఫీ ఇస్తానంది. ఎదురుగా బల్ల మీద ఆమె తినే పళ్లెం వడ్డించుకుని ఉంది. మా తమ్ముడికి కోపం వచ్చింది. నాకు మాత్రం రాలేదు. పొద్దున్నుంచి నిలబడి వండిన మనిషి కూర్చుని వేడన్నం తినే వేళకి ఎవడో వచ్చి గరిటె పట్టుకోమంటే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. మన ఇళ్లలో రాత్రి పదకొండుకి చుట్టాలొచ్చినా పొయ్యి వెలగాల్సిందే, వెలిగించేది ఎవరో చెప్పక్కర్లేదు. ఆవిడ "కుదరదు" అన్న తీరు నేర్చుకోవాలనిపించింది నాకు.

ఆయన బిస్కెట్లు తిన్నారు, సరే. అసలు టెన్షన్ నీళ్లు. సీసాలు ఖాళీ. కాఫీ హోటల్లో పట్టించుకుందాం అంటే మా తమ్ముడు రోషంగా ముందుకి వెళ్లిపోయాడు. ఊరి చివర ఒక గేటు దగ్గర ఆగి, సీసాలిటు ఇమ్మన్నాడు. చూస్తే స్మశానం. ఫ్రాన్స్‌లో సైకిల్ వాళ్లందరికీ తెలిసిన చిట్కా అట. దాదాపు ప్రతి ఊరి స్మశానంలోనూ సమాధుల మీది పూలకి పోయడానికి కుళాయి ఉంటుంది, ఎక్కువ చోట్ల అది ఊరికొచ్చే మంచినీళ్లే.

మా ఆయన గేటు బయటే నిలబడిపోయారు. "ఒరేయ్, స్మశానంలో నీళ్లు తాగడమేంట్రా? ఇంటికెళ్లి తలస్నానం చెయ్యాల్సొస్తుంది" అన్నారు. "ఇల్లు హైదరాబాద్‌లో ఉంది బావా" అన్నాడు వాడు. నేను లోపలికెళ్లాను. కంకర పరిచిన దారి, పింగాణీ పూలు, గోడకి వరసగా తగిలించిన ఆకుపచ్చ ప్లాస్టిక్ నీళ్ల డబ్బాలు. కుళాయి తిప్పితే ముందు వేడినీళ్లొచ్చాయి, కాసేపటికి చల్లబడ్డాయి. కుళాయి దగ్గర 'ఓ నోం పోతాబ్ల్' అని బోర్డుంటే అవి తాగే నీళ్లు కావని, అది చూసుకుని పట్టుకోండి. ఇక్కడ లేదు. నేను, మా తమ్ముడు కడుపునిండా తాగాం. మా ఆయన కూడా తాగారు, సీసాలోంచి కాబట్టి అవి ఎక్కడివో ఆయనకి తెలియనట్టే లెక్క.

రొట్టె దొరికింది ఎక్కడనుకుంటున్నారు? ఏటీఎంలో. పంచాయతీ ఆఫీసు గోడ పక్కన నిలువెత్తు ఇనప పెట్టె, మీద రొట్టె బొమ్మ. బేకరీ లేని ఊళ్లలో ఇలాంటివి పెట్టారు. యూరో చిల్లర వేస్తే లోపల గరగరమని తిరిగి, కింద సందులోంచి మూరెడు బాగెట్ రొట్టె జారింది. ఎదురుగా మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ల స్తంభం. అది లేని ఊరు ఆ దేశంలో వెతికినా కష్టం. ఆ యుద్ధంలో ఫ్రాన్స్ దాదాపు 14 లక్షల మంది సైనికుల్ని పోగొట్టుకుంది. గట్టిగా రెండొందల గడప ఉండదు ఊరు, రాతి మీద పేర్లు మాత్రం వరసగా దిగుతూనే ఉన్నాయి, ఒకే ఇంటిపేరుతో మూడు. ఆ మెట్ల మీద కూర్చుని మేకపాల చీజ్ విప్పాం. సెంత్ మోర్ అని ఆ చుట్టుపక్కల చేసే రకం, బూడిద పూసిన చిన్న దుంగలా ఉంటుంది, మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరకి ఒక గడ్డిపరక. పరక బయటికి లాగి చూస్తే దాని మీద సన్నటి అక్షరాలు, చీజ్ పేరు, చేసినవాళ్ల గుర్తు. ఊరకాయ సీసాలోంచి మాగాయ ముక్క తీసి పెట్టుకుంటే ఆ చీజ్‌కి ప్రాణం వచ్చింది. ఫ్రెంచ్‌వాళ్లు వింటే కేసు పెడతారేమో.

శాకాహారులకి ఒక మాట. అక్కడి సంప్రదాయ చీజ్‌లు ఎక్కువగా దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో విరగ్గొట్టినవే. నేను గుడ్డు తింటాను, దాన్ని చూసీ చూడనట్టు పోయాను. మీకు పట్టింపు ఉంటే ముందే తెలుసుకోండి. కూరగాయలు పెట్టి బేక్ చేసింది అనుకుని 'కీష్' కొంటే అందులో పంది మాంసం తునకలు ఉండే అవకాశమే ఎక్కువ. కొనే ముందు అడగండి.

ఊళ్ల గురించి. 'ఫ్రాన్స్‌లోని అత్యంత అందమైన గ్రామాలు' అని ఒక సంఘం 1982 నుంచి ఉంది, రెండు వేల జనాభా దాటని ఊళ్లకే ఆ గుర్తింపు ఇస్తుంది. మా దారిలో మోంసోరో, కాంద్ సాం మర్తాం రెండూ పక్కపక్కనే ఆ జాబితాలో ఉన్నాయి. కాంద్‌లో వియెన్ నది వచ్చి లువార్‌లో కలుస్తుంది, చర్చి వెనకాల మెట్లెక్కితే రెండు నీళ్ల రంగులూ కనపడతాయి. బాగుంటుంది, వెళ్లండి. కానీ బోర్డు పెట్టిన ఊళ్లలో ప్రతి రెండో ఇల్లూ సబ్బుల కొట్టు. బ్రెయెమోం లాంటి ఊరు, నది ఒడ్డున అడుగు చదునైన పడవలు కట్టేసి ఉన్న ఊరు, నాకు వాటికంటే నచ్చింది. కోటలు కూడా అంతే, రోజుకి ఒకటి కంటే వద్దు. మూడో కోటకి అన్ని పందిరి మంచాలూ ఒకేలా కనిపిస్తాయి.

బస కోసం గుమ్మం మీద 'అక్కేయ్ వేలో' గుర్తు చూడండి. సైకిల్ దారికి ఐదు కిలోమీటర్ల లోపల ఉండి, సైకిల్ పెట్టుకోడానికి తాళం వేసే చోటు ఉన్నవాళ్లకే అది ఇస్తారు. పల్లెలో ఇళ్లలో గది తీసుకుంటే రాత్రి భోజనం కూడా ముందురోజే చెప్పండి, అప్పటికప్పుడు అడిగితే పైన చెప్పిన ఆవిడే గుర్తొస్తుంది.

మీరు అడగలేదు గానీ, మోకాళ్ల భయం ఉంటే ఎలక్ట్రిక్ సైకిల్ అద్దెకి తీసుకోండి. అది మోసం అనే మా తమ్ముడి లాంటివాళ్ల మాట వినకండి. మనం తొక్కితేనే అది సాయం చేస్తుంది, వేగం గంటకి 25 దాటితే ఆ సాయమూ ఆపేస్తుంది. మా ఆయన తీసుకున్నది అదే. బరువు మాత్రం ఎక్కువ, రైల్లోకి ఎక్కించేటప్పుడు ముగ్గురం పట్టుకున్నాం. ఛార్జర్ సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకోండి.