క్రోమ్‌లో వాటంతట అవే తెరుచుకునే ట్యాబులు

తిరుపతిలోని మీ నెట్ సెంటర్ కంప్యూటర్‌లో 300 రూపాయల దర్శనం టికెట్ పేజీ తెరవగానే ప్రకటనల ట్యాబులు వచ్చిపడుతున్నాయని, ఏది వెతికినా వేరే సైటుకు పోతోందని రాశారు. అప్పుడే విండోస్ మార్పించకండి. ఇది చాలావరకు ఎక్స్‌టెన్షన్ పనే, అంటే క్రోమ్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్ పని.

కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కి, వచ్చిన నల్లటి విండోలో అదే పేజీ చూడండి. మీరు అనుమతిస్తే తప్ప అందులో ఎక్స్‌టెన్షన్లు నడవవు. అక్కడ సవ్యంగా ఉందంటే దొంగ దొరికినట్టే. ఎక్స్‌టెన్షన్ల జాబితాలో మీరు పెట్టనివన్నీ తీసేయండి. ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్ల వంటివాటిని ముందుగా అనుమానించండి. ఆపై సెట్టింగ్స్‌లో రీసెట్ చేయండి. బుక్‌మార్కులు, దాచిన పాస్‌వర్డులు పోవు. లాగిన్లు మాత్రం మళ్లీ చేయాలి.

అంతవరకు దయచేసి ఆ కంప్యూటర్‌లో భక్తుల ఆధార్ నంబర్లు, కార్డు వివరాలు కొట్టకండి. కొన్ని ఎక్స్‌టెన్షన్లు పేజీలో టైపు చేసిందంతా చదవగలవు.